కారణం రాసివ్వమన్న మా లెక్కల టీచర్

ఇరవై రోజుల కిందట, ఒక బుధవారం తెల్లవారుతుండగా, మా లెక్కల టీచర్ నంద్యాల ఆస్పత్రిలో కన్నుమూశారు. ఆ మాట నాకు ఫోన్లో చెప్పింది ఆళ్లగడ్డలో నాతో ఏడేళ్లు పనిచేసిన అటెండరన్న. నేను అప్పుడే రుద్రవరంలో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. "మేడం, టీచరమ్మ పోయినాది. గుండె ఆగిపాయెనంట. నిద్రలోనే," అన్నాడు. మళ్లీ ఆయనే, "ఇంగ మనల్ని గట్టిగా అడిగేటోళ్లు ఎవురుండారు మేడం," అని ఫోన్ పెట్టేశాడు.

పదకొండో రోజు ఆళ్లగడ్డలో సంతాప సభ పెడితే వెళ్లాను. మైకు దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ ఆమె శాంతమూర్తి అన్నారు, ఎవరినీ నొప్పించని మనిషి అన్నారు. మా పాత ఆఫీసు పెద్దసారు కూడా వచ్చారు. ఆమె అధికారులకు ఎంతో సహకరించేవారని, ఆమె లేని లోటు తీరనిదని చెప్పి పటానికి దండ వేశారు. ఒకప్పుడు ఆమె మీద పోలీసులకు కాగితం రాయించిన మనిషి ఆయనే. ఆ కాగితం టైపు చేసింది నేను. మూడో వరసలో కూచున్నాను గానీ ఒళ్లు మండిపోయింది.

మా టీచర్ శాంతమూర్తి కాదు. ఆఫీసుల వాళ్ల లెక్కలో ఆమె జగడాలమారి. ఎవరికీ సహకరించలేదు. మమ్మల్ని నిలబెట్టి అడిగారు, జవాబు వచ్చే దాకా కదల్లేదు. పోయిన మనిషిని మెత్తగా చేసి పటం కట్టి గోడకు తగిలించడం మనకు అలవాటు. ఈమె విషయంలో అందుకు నేను ఒప్పుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

నంద్యాలలో ఆడపిల్లల హైస్కూల్లో ఎనిమిది నుంచి పది దాకా మాకు లెక్కలు చెప్పారు. పొట్టి మనిషి. నేత చీర, మణికట్టుకు మగవాళ్ల గడియారం. లెక్కకు జవాబు సరిగ్గా వచ్చినా, ఎట్లా వచ్చిందో రాయకపోతే సున్నా వేసేవారు. ఒకసారి నాకూ వేశారు. జవాబు రైటే కదా టీచర్ అని ఏడ్చాను.

"రైటో తప్పో నాకెట్ల తెలుస్తాది? నువ్వు చెప్తాండావు, నేను నమ్మాల్నా? ఎట్లొచ్చిందో రాసియ్యి, అప్పుడు నమ్ముతా," అన్నారు.

ఆమె అంటే భయపడేవాళ్లమే గానీ, పదో తరగతిలో మా సెక్షన్లో లెక్కలు తప్పినవాళ్లు లేరు. సెలవు రోజుల్లో కూడా పిలిచి చెప్పేవారు. నాన్న చదువు మాన్పిస్తానంటే మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఎందుకు మాన్పిస్తాండావో ఒక్క కారణం చెప్పప్పా, పోతా," అన్నారు. నాన్న దగ్గర కారణం లేదు. నేను డిగ్రీ దాకా చదివింది ఆ ఒక్క ప్రశ్న పుణ్యమే.

ఉద్యోగం వచ్చాక ఆళ్లగడ్డలో ఒక ప్రభుత్వ ఆఫీసులో కౌంటరు నాకు అప్పగించారు. ఏ ఆఫీసో చెప్పను. చెప్పినా పెద్ద తేడా రాదు. మీరు ఎక్కి దిగిన మెట్లలాంటివే ఆ మెట్లు కూడా. ధ్రువపత్రాలు, బియ్యం కార్డులు, పేర్ల మార్పులు మా పని. నేను ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. పైసా తీసుకోను కాబట్టి మంచి ఉద్యోగిననే అనుకునేదాన్ని. కానీ మనుషులను ఎట్లా తిప్పేవాళ్లమో చెబుతాను. ఒకామె వస్తుంది. ఆధార్ జిరాక్సు లేదని పంపుతాం. తెస్తుంది. ఫోటో పాతదంటాం. కొత్తది దిగి వస్తుంది. సాక్షి సంతకం ఏదంటాం. ఆ మూడూ మొదటి రోజే చెప్పి ఉంటే ఒక్కసారితో పని అయిపోయేది. చెప్పేవాళ్లం కాదు. చెప్పమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. పత్తి చేలో కూలి మానుకుని వచ్చిన మనిషికి మేము అనే "రేపు రా" ఎంత బరువో మాకు తట్టేది కాదు.

టీచర్ రిటైరయ్యాక ఆళ్లగడ్డలో వాళ్లక్కతో కలిసి ఉండేవారు. ఆ అక్క చనిపోతే, కుటుంబ సభ్యుల పత్రం కోసం మా ఆఫీసుకు వచ్చారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆమెను చూడటం అదే. వరసలో ఎనిమిది మంది వెనక నిలబడి ఉన్నారు. గుర్తుపట్టి లేచి లోపలికి రమ్మన్నాను. రాలేదు. తన వంతు వచ్చాకే కిటికీ దగ్గరికి వచ్చి కాగితాలు పెట్టారు.

"మీరెందుకు టీచర్ నిలబడేది. ఈడ పెట్టి పోండి, నేను చూసుకుంటా," అన్నాను.

"రసీదు ఇయ్యి."

"రసీదెందుకు టీచర్, నేనుండాను గదా."

"నువ్వు నన్ను చూసుకోవద్దమ్మా. నన్ను నువ్వు చూసుకుంటే, నా ఎనకాల నిలబడినోళ్లను ఎవరు చూసుకుంటారు?"

వెనక ఉన్న గాజులమ్ముకునే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా ముఖం కందిపోయింది. నిజం చెప్పాలంటే రసీదు పుస్తకం ఎక్కడుందో కూడా నాకు తెలియదు. అటెండరన్న బీరువా అడుగున వెతికి, దుమ్ము దులిపి తెచ్చాడు. అందులో మొదటి పేజీ కూడా చిరగలేదు. టీచర్ తన రసీదు తీసుకుని, పక్కకు తప్పుకుని, గాజులావిడతో "నువ్వూ అడుగు," అన్నారు. ఆమె అడిగింది. ఆమె వెనకాయన అడిగాడు. మధ్యాహ్నానికి నా వేళ్లు నొప్పిపుట్టాయి.

ఇంటికి పోయి మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. తన దగ్గర చదువుకున్న పిల్లను పదిమందిలో అట్లా నిలబెట్టొచ్చా అని. టీచర్ దానికి ఎన్నడూ నొచ్చుకోలేదు, సర్దిచెప్పలేదు. చెప్పనందుకు ఇప్పుడు కృతజ్ఞతగా ఉంది.

తన పని అయిపోయాక ఆమె రావడం మానేస్తారనుకున్నాం. మంగళవారం, శుక్రవారం వస్తూనే ఉన్నారు. వరండాలో బెంచీ మీద కూచుని ఒక నోటుబుక్కులో రాసేవారు. ఎవరొచ్చారు, ఏ పనికి, ఎన్నోసారి, ఏమని తిప్పి పంపారు. తిట్టేది లేదు, ఉపన్యాసం లేదు. బయటికి వచ్చిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగేవారు: "కాదన్నారా? కారణం రాసిచ్చినారా?" లేదంటే మళ్లీ లోపలికి పంపేవారు. "పోయి అడుగు. నోటితో అనింది గాలికి పోతాది. కాగితం మీద ఉంటే దాన్ని పట్టుకొని ఇంగో మెట్టు ఎక్కొచ్చు."

కారణం రాయమంటే మాకు చిత్రమైన కష్టం వచ్చింది. నోటితో సులువుగా అనేసే మాట కాగితం మీద పెట్టబోతే చెయ్యి ఆడదు. "సారు లేరు" అని రాసి కింద సంతకం పెట్టగలమా? "రేపు రా" అని రాయగలమా? రాయలేక చాలాసార్లు పనే చేసి పంపేవాళ్లం. అదే తేలికగా ఉండేది.

పెద్దసారుకు ఇది నచ్చలేదు. మొదట బెంచీ లోపల పెట్టించారు. టీచర్ ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నారు. వరండాలో కూచోకూడదన్నారు. మెట్ల కింద వేపచెట్టు నీడకు జరిగారు. చివరికి, ప్రభుత్వ విధులకు ఆటంకం కలిగిస్తున్నారని పోలీసులకు ఇవ్వడానికి నాతో కాగితం టైపు చేయించారు. ఎందుకు చేశావని మీరు అడగవచ్చు. చేయనంటే ఏమవుతుందోనన్న భయం తప్ప నా దగ్గర వేరే కారణం లేదు. సారు దాన్ని పట్టుకుని బయటికి వచ్చి ఆమె ముఖం ముందు ఊపారు.

"ఏమ్మా, ఈ వయసులో కేసులు అవసరమా నీకు? మర్యాదగా చెప్తాండా, ఇంటికి పో."

టీచర్ కుర్చీలోంచి లేవలేదు. కళ్లద్దాలు సర్దుకుని ఆ కాగితాన్ని చదివారు. "పెట్టప్పా కేసు. ఆడన్నా రసీదు ఇస్తారు," అన్నారు.

చెట్టు కింద ఉన్న జనమంతా ఒక్కసారిగా నవ్వారు. సారు కోపాన్నయితే తట్టుకునేవారేమో, నవ్వును తట్టుకోలేకపోయారు. ఆ కాగితం స్టేషన్ దాకా పోలేదు.

ఆ చెట్టు కిందే ఆమెకు శిల్పి తాత పరిచయమయ్యాడు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే కుటుంబాల్లో పెద్దవాడు. యాభై ఏళ్లు ఉలి పట్టి, రాతిని నున్నగా రుద్ది రుద్ది, వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. బియ్యం ఇచ్చే మిషను ఆయన వేలిని గుర్తుపట్టదు. ఐదు నెలలుగా బియ్యం లేవు. భార్య పోయిన ఒంటరి మనిషి. మా కౌంటరుకు ఏడుసార్లు వచ్చాడు. ఏడుసార్లూ నేను చెప్పింది ఒకటే: "వేలు పడలేదు తాతా, నేనేం చెయ్యాల?" అందులో అబద్ధం లేదు.

ఎనిమిదోసారి టీచర్ ఆయన్ని వెంటబెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చారు. ఆయన కుడిచెయ్యి పట్టుకుని చువ్వల మధ్య నుంచి లోపలికి పెట్టించారు.

"చూడు," అన్నారు.

చూశాను. అరచెయ్యంతా కాయలు కాసింది. వేళ్ల కొసలు మాత్రం నున్నగా, గోళీల్లా ఉన్నాయి.

"ఈయప్ప చెక్కిన దేవుళ్లు యాడ లేరు? ఆ దేవుళ్లకు మూడుపూటలా నైవేద్యం పెడతాండారు. ఈయప్పకు లేదంటాండావు. కారణం రాసియ్యి."

"వేలిముద్ర పడలేదని రాస్తా టీచర్."

"రాయి. పడకపోతే ఏం చెయ్యాల్నో గూడా రాయి. మిషనుకు ఒకటే దావ. మనుషులకు ఇంగో దావ పెట్టే ఉంటారు. అది యాడుందో ఎతుకు."

వెతకాల్సిన పని లేకపోయింది. ఆమె ఆ మాట అనగానే నాకు గుర్తొచ్చింది. వేళ్లు పడని ముసలివాళ్లను ఆఫీసు ఉద్యోగి ఒకరు స్వయంగా చూసి, పూచీ సంతకం పెడితే బియ్యం ఇవ్వవచ్చన్న ఉత్తర్వు నా సొరుగులోనే ఉంది. వచ్చిన రోజు చదివి, మడిచి పెట్టాను. ఆ సొరుగు పక్కనే కూచుని ఐదు నెలలు ఆ తాతను తిప్పాను. లంచం తీసుకోని చేతులివి.

ఉత్తర్వు బయటికి తీశాను. సారు పక్కకు పిలిచారు. "నీ పూచీ ఎందుకమ్మా? రేపు ఏమన్నా అయితే నీ మెడకే సుట్టుకుంటాది. వేలు పడలేదని రాసి పంపిచ్చు." ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. సంతకం పెట్టి ఇబ్బందుల్లో పడినవాళ్లను నేనూ చూశాను. అయినా కలం తీసుకున్నాను. సంతకం పెట్టాను. ఎవరు పెట్టారో రేపు ఎవరికైనా తెలియాలని, కింద నా పేరు కూడా విడివిడి అక్షరాల్లో రాశాను. మరుసటి రోజు తాతకు బియ్యం అందాయి.

తర్వాత టీచర్ ఆ నోటుబుక్కు సంచిలో పెట్టుకుని, అర్జీలు తీసుకునే ఒక సోమవారం బస్సెక్కి నంద్యాల కలెక్టరాఫీసుకు పోయారు. ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. ఏ పనికి ఏ కాగితాలు కావాలో గోడ మీద రాయాలి, దరఖాస్తు తీసుకుంటే రసీదు ఇవ్వాలి, కాదంటే కారణం రాసివ్వాలి అని మాత్రం అడిగారు. అక్కడి అధికారి చదివి, ఇవన్నీ ఉన్న నిబంధనలే కదమ్మా అన్నారట. "ఉండాయి సారూ. మా ఊరికి ఇంగా రాలేదు," అన్నారట ఈమె. అమలు చేయమని కాగితం మా ఆఫీసుకు వచ్చింది. ఫైల్లో పడింది.

నెల రోజులు చూసి టీచర్ నీలం రంగు డబ్బా, కుంచె తెచ్చుకున్నారు. అటెండరన్న తెచ్చిన స్టూలు ఎక్కి ఆఫీసు బయటి గోడ మీద అన్నీ తానే రాశారు. ఒక్క వరసా వంకర పోలేదు. ఎవరి పర్మిషన్ తీసుకున్నావని సారు అడిగారు. "నేను రాసిండేది మీ రూల్సే గదప్పా. నా సొంత మాట ఒకటన్నా ఉంటే సూపియ్యి, చెరిపేస్తా," అన్నారు. సారు చాలాసేపు చదివారు. చెరపడానికి ఒక్క మాటా దొరకలేదు.

ఆమె తప్పులు చేయలేదని కాదు. ఒకసారి ఒక రైతు అర్జీ కనబడకపోతే, అటెండరన్న దాచాడని అందరి ముందూ అనేశారు. ఆయన ఆ రోజు అన్నం గిన్నె మూత తీయలేదు. రెండు రోజులకు ఆ అర్జీ టీచర్ నోటుబుక్కులోనే దొరికింది. ఆమె వరసలో నిలబడి కిటికీ దాకా వచ్చి, అందరూ వింటుండగా, "అన్నా, తప్పు నాది," అన్నారు. అంతటితో ఊరుకోకుండా తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి ఆయన చేతికిచ్చారు.

"ఇదేందమ్మా, ఇంత ఎందుకు," అన్నాడాయన.

"పదిమందిలో నిన్ను అన్నా. నీ తప్పు లేదని నీ దగ్గర ఆధారం ఉండాల్నా వద్దా?"

ఆ కాగితం ఆయన పిల్లల సర్టిఫికెట్లతో పాటు ఇంట్లో దాచుకున్నాడు.

ఏడాది తిరక్కుండా నన్ను రుద్రవరానికి మార్చారు. కారణం అడిగాను. రాసివ్వలేదు. టీచర్ ఓదారుస్తారనుకుని వాళ్లింటికి పోయాను. బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టారు. నేను తినే దాకా ఊరుకుని, "రుద్రవరంలో రసీదు పుస్తకం ఉందా?" అన్నారు.

"ఉంటాది టీచర్. యాడో బీరువా అడుగున."

"మరి ఏడుపెందుకు? పోయి తియ్యి."

తీశాను. ఇప్పుడు అక్కడ రసీదు లేకుండా ఒక్క దరఖాస్తూ లోపలికి రాదు. మొదట్లో తోటివాళ్లు విసుక్కున్నారు. వరస సన్నబడ్డాక ఊరుకున్నారు. ఒకే మనిషి నాలుగుసార్లు రావడం లేదు కాబట్టి వరస సన్నబడింది. అందులో మంత్రమేమీ లేదు. పాలన బాగుపడాలని మీటింగుల్లో పెద్ద పెద్ద మాటలు విన్నాను, నోట్సు కూడా రాసుకున్నాను. నాకు అర్థమైనంతలో, ఒక మనిషి ఒక్కసారి వచ్చి పని చేసుకుని పోవాలి. పని కాకపోతే ఎందుకు కాలేదో తెలుసుకుని పోవాలి. ఇంత చిన్న సంగతి కోసం ఒక రిటైరైన టీచర్ ఎండలో కుర్చీ వేసుకుని కూచోవాల్సి వచ్చింది. సిగ్గుపడాల్సింది మేము.

ఆఖరున ఆస్పత్రిలో కూడా ఆమె ఆమెలాగే ఉన్నారట. కుర్ర డాక్టరు ఇంగ్లీషులో ఏదో రాసి పోతుంటే ఆపి, "నాకేమైందో నాకర్థమయ్యేట్టు తెలుగులో రాసియ్యి నాయనా," అన్నారట. ఆ పిల్లాడు కూచుని రాసిచ్చాడట.

సంతాప సభ జరిగిన నాలుగో రోజున అటెండరన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఎవరో పెద్దవాళ్లు తనిఖీకి వస్తున్నారని ఆఫీసు గోడకు సున్నం కొట్టించారు. నీలం అక్షరాలు ఒక్కటీ మిగల్లేదు. పటానికి దండ వేసిన మనిషే ఆ పని చేయించాడు.

సెలవు పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాను. రంగు కొని నేనే రాద్దామనుకున్నాను. బస్టాండులో అటెండరన్న ఎదురొచ్చి, "రంగొద్దు మేడం. తాత మీకంటే ముందే మొదలుపెట్టినాడు," అని తాత పనిచేసే రేకుల షెడ్డుకు తీసుకుపోయాడు. సగం చెక్కిన నందుల మధ్య నేల మీద నిలువెత్తు నాపరాయి పరిచి ఉంది. తాత దాని మీద వంగి అక్షరాలు చెక్కుతున్నాడు. ఏ పనికి ఏ కాగితాలు. రసీదు. కారణం. టీచర్ పేరు ఎక్కడా లేదు.

"ఆయమ్మ బొమ్మ చెక్కమని సారు మనిషిని పంపిచ్చినాడు. నేను చెక్కనన్నా," అన్నాడు తలెత్తకుండానే.

"ఎందుకు తాతా?"

"బొమ్మ నోరు మూసుకొని ఉంటాది గదమ్మా. ఆయమ్మ ఎప్పుడన్నా మూసుకొని ఉండిందా?"

మూడు రోజుల్లో పని ముగిసింది. ఆరుగురు కలిసి రాయిని ట్రాలీ ఆటోలోంచి దించి, ఆఫీసు గేటు పక్కన గుంట తీసి నిలబెట్టారు. సారు గబగబా బయటికి వచ్చి ఎవరిచ్చారు పర్మిషన్, తీసేయండి అన్నారు. తాత చేతులు పంచెకు తుడుచుకుని, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"అర్జీ రాసుకొచ్చినా సారూ, ఈ రాయి ఈడ పెట్టుకుంటామని. తీసుకొని రసీదు ఇయ్యండి. వద్దంటే కారణం రాసియ్యండి."

గేటు దగ్గర చాలామంది చేరారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు ఆ కాగితం వైపు చూశారు గానీ చెయ్యి చాచలేదు. నా పాత సీట్లో ఇప్పుడు పనిచేసే అమ్మాయి లోపలి నుంచి వచ్చి, సారును దాటుకుని, ఆ కాగితం అందుకుంది. మెట్ల మీదే నిలబడి రసీదు రాసి, చింపి, తాత చేతిలో పెట్టింది. సారు లోపలికి పోయారు. కాదని రాసిన కాగితం ఈ రోజు దాకా రాలేదు. రాయి అక్కడే ఉంది.

తాత బిందెడు నీళ్లు తెచ్చి రాయి మీద కుమ్మరించాడు. చెక్కిన దుమ్మంతా తెల్లగా కారిపోయింది. తడిసి నల్లబడ్డ రాతి మీద అక్షరాలు తేలాయి. పక్క పల్లె నుంచి వచ్చిన ఒక ముసలామె, "ఏముందప్పా దీంట్లో," అని పక్కనున్నాయన్ని అడిగింది. ఆయన మొదటి వరస నుంచి బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు. ఆయన చదువుతుంటే, చదువు రాని ఆమె ఇంకా తడి ఆరని ఆ అక్షరాలను వేలితో తడుముతూ, ఒక్కొక్క వరసా కిందికి దిగుతోంది.